పాఠం ఇంటికి పంపితే తరగతిలో మిగిలేది ఏమిటి?

ప్రైవేటు బడుల కరపత్రాల్లో ‘ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్’ అన్న మాట ఇప్పుడు ‘ఏసీ బస్సులు’, ‘డిజిటల్ బోర్డులు’ పక్కన చోటు సంపాదించుకుంది. అదేమిటో చూపించమంటే ఒకచోట గోడకు బిగించిన పెద్ద తెర చూపిస్తారు. ఇంకోచోట పిల్లల చేతుల్లోని ట్యాబ్‌లు చూపిస్తారు. మరోచోట వాట్సాప్ గ్రూపులో రాత్రిపూట పడే యూట్యూబ్ లింకులే ఆ విధానమని చెబుతారు. దాని వెంటే ‘స్వీయ అభ్యసనం’ అన్న మాట కూడా వస్తుంది. పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారు, టీచరు పక్కన నిలబడి దారి చూపిస్తే చాలంటారు. ఈ రెండూ వేర్వేరు సంగతులు. రెండింటికీ పరికరాలతో ఉన్న సంబంధం మూడో సంగతి. ముడి విప్పితే గాని ఏది పనిచేస్తుందో, ఎందుకు పనిచేస్తుందో కనిపించదు.

ముందు విధానం. మామూలు బడిలో టీచరు తరగతిలో పాఠం చెబుతారు, పిల్లలు ఇంటికెళ్లి లెక్కలు చేస్తారు. ఈ క్రమాన్ని తిరగేశారు. పాఠం వినడమో చదవడమో ఇంటి దగ్గర జరుగుతుంది. లెక్కలు చేయడం, తప్పు దిద్దుకోవడం, వాదించుకోవడం తరగతిలో జరుగుతాయి. దీని వెనుక ఉన్న తర్కం చాలా సాదాసీదాది. పాఠం వింటున్నంతసేపూ పిల్లకు టీచరుతో పెద్దగా పని పడదు. మూడో లెక్క దగ్గర ఆగిపోయినప్పుడు పడుతుంది. ఆ సమయానికి టీచరు దగ్గర ఉండరు. రాత్రి తొమ్మిదింటికి పనినుంచి అలసి వచ్చిన అమ్మానాన్నలు ఉంటారు, లేదంటే నెలకింత అని తీసుకునే ట్యూషన్ మాస్టారు ఉంటారు.

ఇందులో కొత్తదనం తక్కువే. హార్వర్డ్ లా కళాశాలలో 1870ల నుంచీ విద్యార్థులు తీర్పులు ముందే చదువుకుని వస్తున్నారు, ప్రొఫెసర్ ఉపన్యాసం మానేసి ప్రశ్నలతో నిలదీస్తున్నారు. నవల పాఠంగా ఉన్నచోట దాన్ని ముందే చదివి రమ్మనడం సాహిత్య విభాగాల్లో ఎప్పటి నుంచో ఉన్న మర్యాద. గంటకు గంట బోర్డు మీద రాసి, పిల్లల చేత దాన్నే రాయించే అలవాటు పాతుకుపోయింది ముఖ్యంగా సైన్సులో, లెక్కల్లో. అందుకే మార్పు కూడా అక్కడి నుంచే మొదలైంది.

లారీ ఎక్కువా, ఆటో ఎక్కువా?

ఎరిక్ మజూర్ హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పేవారు. ఆయన పాఠాలంటే విద్యార్థులకు ఇష్టం, పరీక్షల్లో కష్టమైన లెక్కలు కూడా చేసేవారు. 1990 ప్రాంతంలో ఆయన కంట అరిజోనాకు చెందిన హలూన్, హెస్టెనీస్ రాసిన వ్యాసాలు పడ్డాయి. భౌతికశాస్త్రం కోర్సు పూర్తి చేసిన విద్యార్థులు కూడా బలం, గమనం గురించి కోర్సుకు ముందు ఎలా ఆలోచించేవారో దాదాపు అలాగే ఆలోచిస్తున్నారన్నది వాటి సారాంశం. తన విద్యార్థుల సంగతి వేరని మజూర్ అనుకున్నారు. అదే తరహా పరీక్ష పెట్టారు. ఒక విద్యార్థి లేచి, ఈ ప్రశ్నలకు మీరు చెప్పినట్టు జవాబు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగారట. ఫలితాలు ఆయన ఊహించిన దానికి చాలా దూరంలో ఉన్నాయి.

ఆ ప్రశ్న ఎలాంటిదో మన తొమ్మిదో తరగతిలో చూడవచ్చు. న్యూటన్ మూడో నియమం చెప్పమంటే ‘చర్యకు ప్రతిచర్య సమానంగా, వ్యతిరేక దిశలో ఉంటుంది’ అని తరగతి తరగతంతా ముక్తకంఠంతో చెబుతుంది. ఇప్పుడు ప్రశ్న మార్చండి. లారీ, ఆటో ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. లారీ ఆటో మీద వేసిన బలం ఎక్కువా, ఆటో లారీ మీద వేసిన బలం ఎక్కువా, రెండూ సమానమా? నియమం అప్పజెప్పిన నోళ్లే ‘లారీది ఎక్కువ’ అంటాయి. ఆటో నుజ్జవుతుంది కదా, మరి! బలాలు రెండూ సమానమే. ఆటో ద్రవ్యరాశి తక్కువ కాబట్టి అంతే బలానికి దాని వేగం చాలా ఎక్కువగా మారుతుంది. దాని రేకు కూడా లారీ ఇనుమంత గట్టిది కాదు. బలం వేరు, ఆ బలం వల్ల జరిగే నష్టం వేరు అన్న తేడా నియమం బట్టీ పట్టిన బుర్రలోకి ఇంకా దిగలేదు. బట్టీ పట్టిన నియమం, పాత నమ్మకం రెండూ అక్కడే పక్కపక్కన ఉంటాయి. పరీక్షలో ఒకటి, రోడ్డు మీద ఒకటి బయటికొస్తాయి.

మజూర్ చేసిన మార్పు ఇది. పాఠం ముందే చదువుకు రమ్మన్నారు. తరగతిలో ఉపన్యాసం బదులు ఇలాంటి ప్రశ్న ఒకటి వేశారు. ఒకటి రెండు నిమిషాలు ఎవరికి వారు మౌనంగా ఆలోచించి జవాబు ఎంచుకోవాలి. చేతులెత్తో, కార్డు చూపించో, తర్వాతి రోజుల్లో బటన్ నొక్కో ఆ జవాబు తెలియజేయాలి. సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితే, పక్కనున్నవారిలో వేరే జవాబు చెప్పినవారిని వెతుక్కుని వాదించమంటారు. మళ్లీ జవాబు అడుగుతారు. రెండోసారి సరైన జవాబులు పెరుగుతాయి. ఎందుకంటే సంగతి నిన్ననే అర్థమైన కుర్రాడికి, అది అర్థం కాకపోవడం ఎలా ఉంటుందో ఇంకా గుర్తుంటుంది; ముప్ఫై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్న ప్రొఫెసర్‌కు అది గుర్తుండదు. దాదాపు అందరూ మొదటిసారే సరిగ్గా చెబితే ముందుకు వెళ్లిపోవాలి. చాలామంది తప్పు చెబితే వాదన వల్ల లాభం లేదు, టీచరే విడమరచి చెప్పాలి. అంటే ఇక్కడ ఉపన్యాసం రద్దు కాలేదు. ఎప్పుడు అవసరమో చూసి ఇస్తున్నారు, అంతే.

ఇంతవరకూ వీడియో ఊసే లేదని గమనించండి. ఇంటి దగ్గర చదివింది అచ్చుపుస్తకం.

వీడియో వచ్చింది తర్వాత. ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర అధ్యాపకులు ఉపన్యాసాలను వీడియో టేపుల్లో పెట్టి ఇచ్చి, ఆ అనుభవాన్ని 2000లో వ్యాసంగా రాశారు. అయితే పేరు జనంలోకి వెళ్లడానికి కారణం కొలరాడో కొండల్లోని వుడ్‌లాండ్ పార్క్ అనే చిన్న ఊరి హైస్కూలు. ఆటల పోటీలకని పిల్లలు దూరప్రాంతాలకు వెళ్తూ మధ్యాహ్నం తరగతులు పోగొట్టుకునేవారు. కెమిస్ట్రీ చెప్పే జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ 2007లో తమ పాఠాలను కంప్యూటర్‌లో రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. తరగతికి వచ్చిన పిల్లలు కూడా వాటిని మళ్లీ చూడటం మొదలుపెట్టారు. అప్పుడు వారికి తట్టిన ప్రశ్న: పాఠం ఎలాగూ అక్కడ దొరుకుతున్నప్పుడు, మనం ఎదురుగా ఉన్న గంటను మళ్లీ అదే పాఠానికి ఎందుకు ఖర్చు పెట్టాలి? ఖాన్ అకాడమీ స్థాపించిన సల్మాన్ ఖాన్ (సినిమా నటుడు కాదు) అప్పటికే తన చుట్టాల పిల్లలకు లెక్కలు చెబుతూ చేసిన వీడియోలను యూట్యూబ్‌లో పెడుతున్నారు. 2011లో టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద ఆయన మాట్లాడిన తర్వాత ‘ఫ్లిప్’ అన్న మాట ప్రపంచమంతా పాకింది. పాకేటప్పుడు వీడియో మిగిలింది, లారీ–ఆటో ప్రశ్న దారిలో జారిపోయింది.

లాభం ఎక్కడి నుంచి వస్తోంది?

ఈ జారిపోవడం ఎంత ఖరీదైనదో చూడాలంటే కొన్ని ప్రయోగాలు తిరగేయాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ బృందం చేసిన ప్రయోగం 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒకే కోర్సు, రెండు పెద్ద సెక్షన్లు. ఒకదానికి మంచి పేరున్న అనుభవజ్ఞుడు ఉపన్యాసం ఇచ్చారు. రెండోదానిలో పెద్దగా అనుభవం లేని యువ పరిశోధకుడు, ముందు చదువుకొచ్చిన విద్యార్థులతో ప్రశ్నలు, చర్చలు నడిపారు. వారం తర్వాత పరీక్షలో మొదటి సెక్షన్ సగటు 41 శాతం, రెండోది 74 శాతం. ఒక్క వారం ప్రయోగమే గనుక దీన్ని నెత్తిన పెట్టుకోనవసరం లేదు. కానీ తేడా కొట్టిపారేసేంత చిన్నదీ కాదు.

ఇక్కడే చిక్కు ఉంది. ఆ లాభం పాఠాన్ని ఇంటికి పంపినందుకు వచ్చిందా, తరగతిలో పిల్లల చేత పని చేయించినందుకు వచ్చిందా? అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం తరగతుల మీద 2015లో వెలువడిన పరిశోధన సరిగ్గా దీన్నే విడదీసింది. రెండు తరగతుల్లోనూ పిల్లలు చురుకుగా పాల్గొనే కార్యకలాపాలే. ఒకదానిలో కొత్త సంగతిని ఇంటి దగ్గర పరిచయం చేసి, దాన్ని వాడటం తరగతిలో చేయించారు. రెండోదానిలో పరిచయం తరగతిలో, వాడటం ఇంటి దగ్గర. ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే తిరగేయడంలో మహిమ లేదు. తరగతిలో బుర్రకు పని పెట్టడంలో ఉంది. తిరగేయడం ఆ పనికి సమయం సంపాదించే ఒక ఉపాయం మాత్రమే. ఆ సమయం ఇంకో దారిన దొరికితే అది లేకపోయినా ఫరవాలేదు. సమయం దొరికాక దానిలో మళ్లీ నోట్సు చెప్పి రాయిస్తే మాత్రం ఇంటి దగ్గర వీడియో చూసిన అరగంట కూడా పిల్లల ఖాతాలో నష్టమే.

అమెరికా సైనికాధికారుల్ని తయారుచేసే వెస్ట్ పాయింట్‌లో జరిగిన ప్రయోగం ఇంకో మెలిక చూపించింది. అక్కడ లాటరీ పద్ధతిలో తరగతులను విడదీశారు. ఫ్లిప్ చేసిన తరగతుల్లో గణితంలో కొద్దికాలం లాభం కనిపించింది, ఆర్థికశాస్త్రంలో కనిపించలేదు. పైగా వచ్చిన లాభం ముందు నుంచీ చదువులో ముందున్నవారికే ఎక్కువగా వచ్చింది. వెనుకబడినవారికీ వారికీ మధ్య దూరం పెరిగింది. అది కట్టుదిట్టమైన క్రమశిక్షణ ఉన్న సంస్థ, అందరికీ ఒకే వసతి, ఒకే భోజనం. అక్కడే అలా జరిగితే, ఒకింట్లో చదువుకునే గది, పక్కింట్లో పొయ్యి పక్కన నోటుపుస్తకం ఉన్న ఊళ్లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ‘అందరికీ సమానావకాశం’ అన్న ప్రచారాన్ని నేను అంత తేలిగ్గా నమ్మకపోవడానికి ఇదే కారణం.

ఇక పిల్లల అభిప్రాయం. హార్వర్డ్‌లోనే 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒకే విద్యార్థులకు ఒక పాఠం చక్కటి ఉపన్యాసంగా, ఇంకో పాఠం చర్చలూ లెక్కలూ చేయించే పద్ధతిలో చెప్పారు. పరీక్షలో రెండో పద్ధతిలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది. ఎక్కువ నేర్చుకున్నామన్న భావన మాత్రం ఉపన్యాసం విన్నప్పుడే ఎక్కువగా కలిగింది. సాఫీగా సాగే ఉపన్యాసం వింటుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. తడబడుతూ లెక్క చేస్తుంటే ఏమీ రానట్టు ఉంటుంది. వంటల వీడియో చూసి బిర్యానీ వచ్చేసిందనుకోవడం లాంటిదే ఇది. కాబట్టి ‘మా పిల్లలకు ఈ పద్ధతి నచ్చింది’ అన్నదాన్ని గానీ, ‘నచ్చలేదు’ అన్నదాన్ని గానీ తీర్పుగా తీసుకోకూడదు.

వీడియోకు ఒక పెద్ద గుణం ఉంది: ఆపవచ్చు. ఇంటి భాష తెలుగై, బడి భాష ఇంగ్లీషైన పిల్లకు ఈ ఆపుకునే వీలు నిజంగా ఊరట. తరగతిలో ‘మళ్లీ చెప్పండి సార్’ అని మూడోసారి అడగడానికి సిగ్గుపడే పిల్ల, తెర మీద పదిసార్లు వెనక్కి తిప్పుకోగలదు. కానీ ఎంతసేపు చూస్తుంది? ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణల్ని పరిశీలించి 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వీడియో ఎంత పొడవైనా విద్యార్థులు దానితో గడిపే మధ్యస్థ సమయం ఆరు నిమిషాలు దాటలేదు. మన దగ్గర నలభై నిమిషాల తరగతిని ఉన్నదున్నట్టు రికార్డు చేసి పెట్టేవారు దీన్ని చూడాలి. పైగా చూడటం ఒక్కటే చాలదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో చూపించిన సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటూ రాసినవారు వారం తర్వాత ముందున్నారు. ఐదు నిమిషాల వీడియో, దాని చివర పుస్తకం చూడకుండా రాయాల్సిన మూడు ప్రశ్నలు, ఆ జవాబులు తెల్లవారి తరగతికి ముందే టీచరు చేతికి రావడం: ఇంటి పని ఇంతకంటే పెద్దదిగా ఉండనవసరం లేదు. మూడో అంశాన్ని అందరూ వదిలేస్తారు. ఏ ప్రశ్న దగ్గర ఎంతమంది పడ్డారో చూడని టీచరు, ఆ రోజు తరగతిలో ఏ ప్రశ్న వేయాలో ఎలా నిర్ణయిస్తారు?

తమంతట తాము

ఇప్పుడు రెండో ముడి. టీచరు లేకుండానే పిల్లలు నేర్చుకోగలరా? ఈ ప్రశ్న వచ్చినచోటల్లా ఢిల్లీ కాల్కాజీ గోడ గుర్తొస్తుంది. 1999లో సుగతా మిత్రా తమ సంస్థ ఎన్ఐఐటీ కార్యాలయానికీ పక్కనున్న బస్తీకీ మధ్య గోడకు కన్నం పెట్టి, అందులో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ అమర్చారు. ఎవరూ చెప్పకుండానే బస్తీ పిల్లలు మౌస్ తిప్పడం, ఇంటర్నెట్ చూడటం నేర్చుకున్నారు. 2013లో ఆయనకు పది లక్షల డాలర్ల టెడ్ బహుమతి వచ్చింది. కథ ఇక్కడితో ఆపితే అద్భుతంగా ఉంటుంది. హిమాలయ ప్రాంతంలో ఇలాంటివే పెట్టిన రెండు చోట్లకు కొన్నేళ్ల తర్వాత వెళ్లిన పాయల్ అరోరా అనే పరిశోధకురాలికి అవి మూలపడి కనిపించాయి. తమిళనాడు కాళికుప్పంలో మిత్రా స్వయంగా చేసిన ప్రయోగంలోనూ, పిల్లల వెనుక నిలబడి ‘అదెలా చేశారు? మళ్లీ చూపించండి’ అంటూ మెచ్చుకునే ఒక పెద్దమనిషి తోడైనప్పుడు మార్కులు ఇంకా పెరిగాయి. సబ్జెక్టు తెలియకపోయినా, పట్టించుకునే మనిషి ఉండాలన్నమాట. అసలు కంప్యూటర్ వాడటం నేర్చుకోవడం ఒకటి, కంప్యూటర్‌తో భిన్నాల కూడిక నేర్చుకోవడం ఇంకొకటి. మొదటిదాన్ని చూసి రెండోదీ అయిపోయిందనుకున్నవారే ఎక్కువ.

పెద్దవారి సంగతి కూడా అంతంతమాత్రమే. హార్వర్డ్, ఎంఐటీ ఉచిత ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు తీస్తే 2017–18లో చేరినవారిలో పూర్తి చేసినవారు మూడు శాతం పైచిలుకు మాత్రమే. చేరిన అందరూ పూర్తి చేయాలనే చేరారా అన్న ప్రశ్న న్యాయమైనదే. మనకు 2003లో మొదలైన ఎన్‌పీటెల్ వీడియో పాఠాలున్నాయి, 2017 నుంచి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ఉంది. చదవాలనుకున్న ఇంజినీరింగ్ విద్యార్థికి ఐఐటీ ఆచార్యుల పాఠాలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. కొరత సరుకుది కాదని వీటిని చూస్తేనే తెలుస్తుంది.

స్వీయ అభ్యసనం మీద పనిచేసిన బ్యారీ జిమ్మర్‌మన్ దాన్ని మూడు దశలుగా చూస్తారు: మొదలుపెట్టే ముందు లక్ష్యం, పద్ధతి ఎంచుకోవడం, చేస్తున్నప్పుడు తనను తాను గమనించుకోవడం, అయ్యాక ఎక్కడ తప్పిందో తేల్చుకోవడం. మూడింటికీ ఒక్కటే ఇరుసు: నాకు ఏది తెలియదో నాకు తెలియడం. కొత్తగా నేర్చుకునేవారికి సరిగ్గా అదే ఉండదు. సబ్జెక్టు బాగా తెలిసినవారికే తమ అజ్ఞానం హద్దులు కనిపిస్తాయి. అందుకే ఏ సహాయమూ లేకుండా ‘నువ్వే కనుక్కో’ అనే పద్ధతులు కొత్తవారి విషయంలో విఫలమవుతాయని కిర్ష్‌నర్, స్వెలర్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో గట్టిగా వాదించారు. స్వీయ అభ్యసనం చదువుకు మొదటి మెట్టు అనుకోవడంలోనే పొరపాటు ఉంది. అది చివరి మెట్టు. దాని కిందున్న మెట్లు ఎవరో ఒకరు కట్టిపెట్టాలి.

ఆ మెట్లు అక్షరాలా కట్టిన చోటు మనకు దగ్గరే ఉంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ విద్యాసంస్థ, చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల కోసం ఒక పద్ధతి తయారుచేసింది. ఒకే గది, ఒకరే టీచరు, ఐదు తరగతుల పిల్లలు. అక్కడ అందరికీ కలిపి ఉపన్యాసం ఇవ్వడం ఎలాగూ కుదరదు. కాబట్టి పాఠాలన్నింటినీ చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద నిచ్చెన పటం, దాని మీద గుర్తులు. పిల్ల తాను ఏ మెట్టు దగ్గర ఉందో పటంలో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తానే తెచ్చుకుని పని చేసుకుంటుంది. నిన్న రాని పిల్ల ఈ రోజు నిన్నటి కార్డు దగ్గరే మొదలుపెడుతుంది. తరగతి ఆమెను వదిలేసి ముందుకు పోదు. అయితే గదిలో అందరూ ఒంటరిగా వదిలేసినవారు కారు. కొత్త సంగతి మొదలుపెట్టేవారు టీచరు చుట్టూ కూర్చుంటారు, కొంత తెలిసినవారు తోటి పిల్లల సాయంతో చేస్తారు, బాగా వచ్చినవారే తమంతట తాము అభ్యాసం చేసుకుంటారు. మెట్టు చివర తనిఖీ ఉంటుంది. చెన్నై నగరపాలక బడులు ఈ పద్ధతిని చూసి తెచ్చుకున్నాక, అది తమిళనాడు ప్రాథమిక పాఠశాలలకు విస్తరించింది. ఇందులో కరెంటు అవసరమైన వస్తువు ఒక్కటీ లేదు. అట్ట, రంగులు, లామినేషన్, అంతే. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ‘వ్యక్తిగతీకరించిన అభ్యసనం’ అని గొప్పగా చెప్పేదానికి ఇంచుమించు అన్ని భాగాలూ ఆ అట్టపెట్టెలో ఉన్నాయి.

పరికరం ఎప్పుడు అక్కరకొస్తుంది?

ఊరికే పంచిన పరికరం వల్ల ఏమీ రాదని పెరూ దేశం తేల్చింది. అక్కడ ప్రభుత్వం లక్షల ల్యాప్‌టాప్‌లు పంచితే, 2012లో వచ్చిన మూల్యాంకనంలో గణితం, భాష మార్కుల్లో మార్పు కనిపించలేదు. గుజరాత్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ బడుల్లో జరిగిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. అదే సాఫ్ట్‌వేర్‌ను టీచరు తరగతి బదులుగా వాడినప్పుడు పిల్లలు నష్టపోయారు. బడి అయ్యాక అదనంగా వాడినప్పుడు లాభపడ్డారు. ప్రోగ్రామ్ మారలేదు, అది ఎవరి చోటు తీసుకుందన్నదే మారింది.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో చదువు చెప్పే కేంద్రాల మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెజాండ్రో గానిమియన్ చేసిన పరిశోధన 2019లో ప్రచురితమైంది. లాటరీలో ఎంపికైన పిల్లలు బడి అయ్యాక కేంద్రానికి వచ్చి 45 నిమిషాలు కంప్యూటర్ మీద, మరో 45 నిమిషాలు చిన్న గుంపుగా ఒక సహాయకుడి దగ్గర చదువుకున్నారు. నాలుగున్నర నెలల్లో గణితంలో, హిందీలో గట్టి లాభం వచ్చింది. కారణం తెలుసుకోవాలంటే అక్కడి పిల్లల స్థాయి చూడాలి. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారు. అదే గదిలో రెండో తరగతి స్థాయివారూ, ఆరో తరగతి స్థాయివారూ కలిసి కూర్చున్నారు. ఏ టీచరైనా ఆరో తరగతి పుస్తకమే చెప్పాలి. సిలబస్ పూర్తి చేయాలి కదా. ప్రోగ్రామ్‌కు ఆ తొందర లేదు. ప్రతి పిల్లకూ ఆమె ఉన్నచోటి నుంచే ప్రశ్నలు ఇచ్చింది, చేసే తప్పును బట్టి తర్వాతి ప్రశ్న మార్చింది. రిషి వ్యాలీ నిచ్చెన చేసే పనినే యంత్రం చేసింది, పక్కన మనిషి ఉన్నారు.

ఇప్పుడు చాట్‌బాట్‌లు వచ్చాయి. తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు విద్యార్థులతో చేసిన గణిత ప్రయోగంలో, మామూలు జీపీటీ చాట్‌బాట్ అందుబాటులో ఉన్నవారు అభ్యాస లెక్కలు 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు దాన్ని వాడనివారికంటే 17 శాతం వెనుకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా, టీచర్ల సలహాతో మలిచిన రెండో రకం బాట్ వాడినవారు అభ్యాసంలో ఇంకా ఎంతో మెరుగ్గా చేశారు, పరీక్షలోనూ ఆ నష్టం దాదాపు కనిపించలేదు. రెండో బాట్ వల్ల పరీక్షలో లాభం కూడా పెద్దగా రాలేదన్నది ప్రచారకర్తలు చిన్న అక్షరాల్లో వేసే సంగతి.

మన స్టడీ అవర్

ఇదంతా మన దగ్గరికి తెస్తే మొదట అడగాల్సింది ‘ఇల్లు’ గురించి. ఫ్లిప్ విధానం ఇంట్లో ఒక ప్రశాంతమైన అరగంట, ఒక ఫోను ఉన్నాయని అనుకుంటుంది. 14–18 ఏళ్ల గ్రామీణ యువతపై, చదువుల స్థాయిని కొలిచే అసర్ సర్వే 2023 నివేదిక ప్రకారం వారిలో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉంది. అది ఎవరిది అన్నది వేరే ప్రశ్న. ఫోను వాడటం వచ్చినవారిలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. అదే నివేదికలో, ఆ వయసువారిలో సుమారు నాలుగో వంతు మంది రెండో తరగతి పుస్తకాన్ని సొంత భాషలో ధారాళంగా చదవలేకపోయారు. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ–శాట్ చానళ్లలో పాఠాలు వచ్చాయి. టీవీ దాదాపు ప్రతి ఇంటికీ చేరుతుంది, కానీ అవతలి పిల్లకు అర్థమైందో లేదో దానికి తెలియదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు ఫోను కొరత కొంత తీరింది. దాని చుట్టూ జరగాల్సిన తరగతి గురించిన చర్చ మాత్రం ట్యాబ్ ధర గురించిన చర్చలో వందో వంతు కూడా జరగలేదు.

అయితే మన దగ్గర కొలరాడోలో లేనిది ఒకటుంది. గురుకులాల్లో, రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో లక్షల మంది పిల్లలు హాస్టళ్లలో ఉంటారు. వారికి పొద్దున, సాయంత్రం స్టడీ అవర్లు. డ్యూటీలో లెక్చరరో వార్డెనో ఉంటారు. ఒక విధంగా ఫ్లిప్ విధానం వెతుక్కుంటున్నది ఇదే: లెక్క చేసేటప్పుడు పక్కన పెద్దమనిషి. ఇల్లిల్లూ తిరిగి ఫోనుందా అని లెక్కపెట్టే అవసరం కూడా లేదు. ఒక హాలు, ఒక తెర చాలు. ఇన్ని ఉండీ అక్కడ జరుగుతున్నది మౌనంగా నోట్సు తిరగేయడం, నిన్నటి మోడల్ లెక్కను ఇంకో పదిసార్లు చేయడం. డ్యూటీలో ఉన్నవారి పని మాట్లాడకుండా చూడటం. మజూర్ తరగతిలో నేర్పేది సరిగ్గా ఆ మాటే. పక్కవాడితో ‘లారీది ఎందుకు ఎక్కువంటావ్?’ అని అడిగిన కుర్రాడిని మనం నిలబెట్టి తిడుతున్నాం.

పల్లె పిల్లలకు ల్యాప్‌టాప్‌లిచ్చి ఇంజినీరింగ్ చదివించాలని 2008లో ఏర్పాటైన ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు ఇడుపులపాయ, నూజివీడు, బాసరల్లో ఈ దిశగా పెద్ద అడుగే వేశాయి. ఉపన్యాసం వినడం కంటే చేసి నేర్చుకోవడం ముఖ్యమన్న కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ఆలోచన దాని వెనుక ఉంది. అక్కడి అనుభవాన్ని, మంచీచెడూ కలిపి, మిగతా హాస్టళ్ల కోసం ఓపిగ్గా రాసిపెట్టి ఉంటే మనకు అమెరికా ఉదాహరణలతో పని తగ్గేది.

టీచర్ల వైపు నుంచి చూస్తే అభ్యంతరాలు బలమైనవే. మంచి ప్రశ్న తయారు చేయడం పాఠం చెప్పడం కంటే కష్టం. లారీ–ఆటో లాంటి ప్రశ్నలో తప్పు జవాబులు కూడా పిల్లలు నిజంగా నమ్మేవై ఉండాలి. ఉదాహరణకు 1/2 + 1/3 ఎంత అని అడిగి, జవాబుల్లో 2/5 పెట్టకపోతే ఆ ప్రశ్న దండగ. అలాంటివి అధ్యాయానికి పది కావాలి. అవి ఒక్కో టీచరు ఒంటరిగా రాయాల్సినవి కావు. మండల స్థాయి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఆ పని చేయవచ్చు, ప్రస్తుతం ఆ సమావేశాల్లో జరిగేదానికంటే అది ఉపయోగం. రెండోది, తరగతి గోలగా ఉంటుంది. వరండాలో నడిచే ప్రధానోపాధ్యాయుడికి గోల వినిపిస్తే పాఠం జరగడం లేదని అర్థం. మూడోది, పబ్లిక్ పరీక్షలో నిర్వచనం రాస్తే రెండు మార్కులు ఖాయం అయినంతకాలం, బలానికీ నష్టానికీ తేడా చర్చించిన నలభై నిమిషాలు వృథా అయినట్టే తల్లిదండ్రులకు అనిపిస్తుంది. ప్రశ్నపత్రం మారకుండా తరగతి ఎక్కువకాలం మారి ఉండలేదు.

కాబట్టి ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ ఉందని చెప్పే బడికి వెళ్లినప్పుడు ట్యాబ్‌లు, తెరలు చూపించమని అడగనవసరం లేదు. ఒక తరగతిలో చివరి బెంచీ దగ్గర కూర్చుంటామనండి. ఆ పీరియడ్‌లో ఎవరు ఎక్కువసేపు మాట్లాడారో చూడండి. నిన్న రాత్రి పిల్లలు రాసిన జవాబులు టీచరు చూశారా, వాటిని బట్టి ఈ రోజు ప్రశ్న మారిందా అని అడగండి. వీడియో చూడకుండా వచ్చిన పిల్లను ఏం చేస్తున్నారు? మూలన కూర్చోబెట్టి చూపిస్తున్నారా, బయట నిలబెడుతున్నారా, లేక తెలియనట్టు ముందుకు సాగుతున్నారా? వెనుకబడిన పిల్లకు తన తరగతి పుస్తకం కాకుండా తన స్థాయి పని దొరుకుతోందా? ఇవి అడిగితే ఇబ్బంది పడే బడిలో ఉన్నది వీడియోల గ్రంథాలయం. అడ్మిషన్ కౌంటర్‌లో అడిగే ఫీజులో దాని వాటా ఎంతో కూడా పనిలో పనిగా తెలుసుకోవచ్చు.